పెల్లెట్ మారింది, లెక్కంతా మళ్లీ మొదటికి: ఒక ఎయిర్ రైఫిల్ డైరీ

ఆగస్టు మొదట్లో

పాత పెల్లెట్లు, అంటే ఎయిర్ రైఫిల్‌లో పెట్టి కొట్టే చిన్న సీసపు గుళ్లు, అడుగంటాయి. 0.547 గ్రాముల రకం, డబ్బా మీద 8.44 గ్రెయిన్లు అని ఉండేది. చాన్నాళ్లుగా అదే కొడుతున్నాను, రైఫిల్ సెట్టింగులన్నీ దానికే కుదిరి ఉన్నాయి. అదే లాట్ నంబరువి ఇంకో నాలుగు డబ్బాలు ఇవ్వమని అడిగితే కొట్టాయన "ఆ లాట్ అయిపోయింది సార్, కొత్తది ఎప్పుడొస్తుందో చెప్పలేను" అన్నాడు. ఎలాగూ మార్చక తప్పనప్పుడు అదే బరువులో ఇంకో లాట్ కోసం ఊరంతా తిరగడం దేనికని, ఎప్పట్నుంచో మనసులో ఉన్న బరువైన రకానికే వెళ్లిపోయాను. 0.670 గ్రాములు, 10.34 గ్రెయిన్లు. కారణం గాలి. పార్కింగ్‌లో 10 మీటర్లకి ఏదైనా ఒకటే గానీ, శ్రీనివాసపురం వైపు ఒక స్నేహితుడి మామిడి తోటలో 25, 40 మీటర్లకి కొట్టేటప్పుడు చెట్ల వరసల మధ్య నుంచి అడ్డగాలి వస్తుంది, తేలికైన పెల్లెట్ దానికి ఇట్టే పక్కకి పోతుంది. అదే ఆకారంలో బరువు పెరిగితే గాలి ప్రభావం తగ్గుతుంది.

గ్రెయిన్ అంటే తెలియనివాళ్ల కోసం: 0.0648 గ్రాము. మన కంసాలులు వెనకటికి బంగారం తూచిన గురివింద గింజ దాదాపు 0.12 గ్రాము, అంటే రెండు గ్రెయిన్లకి కాస్త తక్కువ. ఆ లెక్కన నా పాత పెల్లెట్ నాలుగున్నర గురివింద గింజల ఎత్తు. మా మావయ్యగారికి ఇలా చెప్తేనే ఎక్కింది.

రైఫిల్ సంగతి. మన దేశంలోనే తయారైన పీసీపీ, అంటే ముందుగానే గాలి ఒత్తిడితో నింపుకునే రకం, 4.5 మి.మీ., ప్రతి షాట్‌కీ ఒకే ఒత్తిడి అందించే రెగ్యులేటర్ లేదు. రెగ్యులేటర్ లేదన్న మాట గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. క్యాలిబర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, కొనేటప్పుడు గుర్తింపు కార్డు ఇస్తే చాలు. ఆ 20 జౌల్స్ గీత దాటకుండా ఉండటం కూడా ఈ పనిలో భాగమే.

ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాలన్న ఆలోచన నిజానికి డల్లాస్‌లో ఉండే నా పాత రూమ్మేట్‌తో మాట్లాడాక వచ్చింది. వాడక్కడ .308 రైఫిల్‌కి తూటాలు సొంతంగా కట్టుకుంటాడు, హ్యాండ్‌లోడింగ్ అంటారు. 168 గ్రెయిన్ల బుల్లెట్ నుంచి 175కి మారుతున్నాడు. "ఏడు గ్రెయిన్లే కదా, పాత కొలతలోనే తుపాకి మందు పోసెయ్యొచ్చుగా?" అన్నాను. వాడు నవ్వి, అలా చేస్తే చేతులు పోతాయిరా అన్నాడు. బుల్లెట్ మారితే బ్యారెల్‌ని రాసుకునే పొడవు మారుతుంది, ముక్కు వంపు మారుతుంది, కేసులో, అంటే మందు పోసే గొట్టంలో, ఎంత లోతుకి కూర్చుంటుందో మారుతుంది, రైఫ్లింగ్ (బ్యారెల్ లోపలి మెలి గాడులు) మొదలయ్యే చోటుకి ముందు మిగిలే ఖాళీ మారుతుంది, వీటన్నిటితో ఒత్తిడి మారుతుంది. అందుకని లోడింగ్ మాన్యువల్లో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన కనీస లోడ్‌కి దిగిపోయి, అక్కడ్నుంచి కొంచెం కొంచెంగా పైకొస్తూ, ప్రతి మెట్టు దగ్గరా గ్రూప్ కొట్టి, అంటే ఒకే గురికి వరసగా కొన్ని కొట్టి రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయో, చూస్తారట. ఒకే బరువున్న రెండు కంపెనీల బుల్లెట్ల మధ్య కూడా ఇదే పద్ధతి.

మన దగ్గర తూటాలు ఇంట్లో కట్టుకునే ప్రశ్నే లేదు, 1959 ఆయుధ చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారీ నేరం. కానీ వాడి మాటలు వింటుంటే నా ఎయిర్ రైఫిల్‌లోనూ అవే మీటలు ఉన్నాయనిపించింది. వాడి మందు స్థానంలో నాకు సిలిండర్లో గాలి ఒత్తిడి, దాన్ని ఎంతసేపు వదలాలో నిర్ణయించే హ్యామర్ స్ప్రింగ్, అంటే వాల్వుని కొట్టి తెరిచే సుత్తిని తోసే స్ప్రింగు. బుల్లెట్ స్థానంలో పెల్లెట్ తల సైజు, బరువు. పాత సెట్టింగ్ మీద కొత్త పెల్లెట్ పెట్టి "ఈ పెల్లెట్ బాలేదు" అని డబ్బా మూలన పడేసేవాళ్లని చాలామందిని చూశాను. దాన్ని కాస్త ఓపిగ్గా చేద్దామని ఈ డైరీ.

తర్వాతి ఆదివారం, బెంగళూరు హొరమావు, మావయ్యగారింటి పార్కింగ్

కొత్తది ముట్టుకునే ముందు పాతదాని లెక్క రాసిపెట్టుకోవాలి. చివరి డబ్బాలో మిగిలినవి ఇందుకే దాచాను. పోలికకి పాత కొలత లేకపోతే కొత్తది బాగుందో లేదో దేన్ని చూసి చెప్తాం?

పార్కింగ్ పొడవు 10 మీటర్లకి సరిగ్గా సరిపోతుంది. మావయ్యగారి షరతు ఒకటే, "నా కారు రోడ్డు మీద పెట్టాకే మొదలుపెట్టు బాబూ." గేటుకి తాళం, పిల్లలు పైఅంతస్తులో, కళ్లజోడు, టార్గెట్ వెనక వాలుగా బిగించిన ఇనప రేకు పెట్టె, దాని వెనక ఇసక బస్తాలు, ఆ వెనక గోడ. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా రైఫిల్ బ్యాగులోంచి బయటికి రాదు.

క్రోనోగ్రాఫ్ కాంతిని చూసి వేగం చెప్పే రకం. ట్యూబ్‌లైట్ కింద పెడితే పిచ్చి అంకెలు వస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మినుకుతుంది, కంటికి తెలియదు గానీ సెన్సర్‌కి తెలుస్తుంది. పగటి వెలుతురులో, లైట్లన్నీ ఆర్పి కొలిచాను.

పాత పెల్లెట్: సిలిండర్లో గాలి 175 బార్ (ఒత్తిడి కొలత) దాకా నింపి 115 దాకా కొడితే సెకనుకు 238 నుంచి 243 మీటర్ల మధ్య, సగటు 241. శక్తి లెక్క సులువు. గ్రాముల్లో బరువుని వేగం వర్గంతో గుణించి 2000తో భాగిస్తే జౌల్స్. 15.9 వచ్చింది. తోటలో 25 మీటర్లకి దీని పది షాట్ల గ్రూప్ మామూలుగా 13 మి.మీ. అటూఇటూ, అన్నిటికంటే దూరంగా పడ్డ రెండు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి. ఐదు షాట్ల గ్రూపుల్ని నేను నమ్మడం మానేశాను. ఐదింటితో ఒకసారి 6 మి.మీ. వస్తుంది, దాన్ని ఫొటో తీసి నలుగురికీ పంపుతాం, తర్వాతి ఐదూ 15కి పోతాయి, వాటి ఫొటో ఎవరూ తియ్యరు.

టార్గెట్ల గురించి ఒక మాట. మామూలు కాగితం చిరిగిపోతుంది, రంధ్రం అంచు ఎక్కడో తెలియదు, కొలత మీద నమ్మకం ఉండదు. మందపాటి అట్ట కావాలి. ఇంట్లో అలమరలో పేరుకుపోయిన పెళ్లి శుభలేఖలు దీనికి దివ్యంగా పనికొస్తాయి, వెనకవైపు తెల్లగా ఉన్నవి ఏరి చుక్కలు పెట్టుకున్నాను. దేవుడి బొమ్మ ఉన్న భాగం ముందే కత్తిరించి మా ఆవిడకి అప్పగించాలి, లేకపోతే ప్రాజెక్టు అక్కడితో సమాప్తం.

అదే వారం, రాత్రిపూట బల్ల మీద పని

కొత్త డబ్బా విప్పాను. అవెన్యూ రోడ్డులో బంగారం పనివాళ్లు కొనే చిన్న డిజిటల్ కాటా ఒకటి తెచ్చుకున్నాను, మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది. డబ్బాలో చాలావరకు 0.666 నుంచి 0.674 లోపల ఉన్నాయి. ఏరి కుప్పలు పెట్టాను గానీ నిజం చెప్పాలంటే నా దూరాలకి ఈ తేడాతో ఒరిగేదేమీ లేదు. బరువులో ఒక శాతం తేడా వేగంలో అర శాతం తేడా తెస్తుంది, అంతే.

బరువుకంటే ఆకారం ముఖ్యమని నా లెక్క. ఈ పెల్లెట్లు నడుము సన్నగా, వెనక పావడాలా విచ్చుకుని ఉంటాయి. ఆ పావడా అంచే గాలిని బిగించి పట్టేది. సీసం మెత్తన, పార్సిల్లో డబ్బా ఒకసారి కింద పడితే చాలు, కొన్నిటి అంచులు నొక్కుకుపోతాయి. భూతద్దం పెట్టి చూసి అలాంటివన్నీ పక్కన పడేశాను. మైక్రోమీటరుతో తల కొలవబోతే సీసం నొక్కుకుపోయి మనకి కావలసిన అంకె వస్తుంది, అది దండగ.

దానికంటే మంచి పద్ధతి గాజు పలక. ఒక అద్దం ముక్కని కాస్త వాలుగా పెట్టి, పై అంచు నుంచి ఒకే చోట, ఒకే తీరులో ఒక్కో పెల్లెట్‌నీ పక్కకి పడుకోబెట్టి వదలాలి. తల వ్యాసం కంటే పావడా వ్యాసం ఎక్కువ కాబట్టి అది తిన్నగా దొర్లదు, వంపు తిరుగుతూ దిగుతుంది. తల, పావడా సైజులు ఒకేలా ఉన్నవన్నీ ఒకే చోట దిగుతాయి, తేడా ఉన్నవి ముందో వెనకో పడతాయి. అవతల అంచున గడులు గీసిన అట్ట పెట్టాను. ముప్పావు వంతు రెండు గడుల్లో పడ్డాయి, మిగతావి చెల్లాచెదురు. వాటిని పారెయ్యలేదు, పరీక్షకే ఉంచాను, అవి నిజంగా అడ్డదిడ్డంగా పోతాయా లేదా చూడాలి కదా. ఈ పని ఒక పాటల ప్లేలిస్టు పెట్టుకుని చేస్తే ధ్యానంలా ఉంటుంది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం.

వానలు తెరిపిచ్చిన శనివారం, తోట

మొదటి గ్రూప్‌కి ఏమీ మార్చలేదు. అదే 175 బార్, అదే హ్యామర్, అదే జీరో, అంటే గురి సర్దుబాటు. చాలా పెల్లెట్లు ఒకేసారి నింపే మ్యాగజీన్ వాడకుండా ఒక్కో పెల్లెట్ పెట్టే ట్రే బిగించాను, మ్యాగజీన్ రంధ్రం కొంచెం అటూఇటూ అయినా పావడా అంచు గీరుకుంటుంది, ఆ అనుమానం పరీక్షలో ఉండకూడదు. పాత జీన్స్ కాలు కత్తిరించి ఇసక పోసి కుట్టిన దిండు ముందు, చిన్నది వెనక.

ఫలితం: పాత చోటు కంటే 13 మి.మీ. కింద, 5 మి.మీ. ఎడమకి. పది షాట్ల గ్రూప్ నిలువుగా 24, అడ్డంగా 12.

కిందకి పడటం ఊహించిందే. వేగం 241 నుంచి 220 దగ్గరికి దిగింది, 25 మీటర్లు వెళ్లడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ సమయంలో భూమి లాగేది ఎక్కువ. నా స్కోప్ (గురి చూసే దుర్భిణి) మర ఒక క్లిక్ తిప్పితే 25 మీటర్ల దగ్గర 1.8 మి.మీ., అంటే ఏడు క్లిక్కులు పైకి. ఎడమకి పోవడం బ్యారెల్ వణుకు వల్ల, పెల్లెట్ మూతి దాటే క్షణం మారితే మూతి చూసే దిక్కూ మారుతుంది. ఈ రెండూ క్లిక్కులతో పోయేవి, వీటి గురించి ఎవరూ దిగులు పడనక్కర్లేదు, గ్రూప్ ఎక్కడ పడింది అన్నది ఆఖర్లో చూసుకునే విషయం. నాకు కావలసింది ఆ నిలువు 24.

తోట చూసుకునే అన్న దగ్గరికొచ్చి కాసేపు చూశాడు. "ఇంత దూరం వచ్చి అట్ట ముక్కలకి బెజ్జాలు పెట్టేదానికేనా సామీ? ఆ కోతుల్ని ఒకటి తగిలిస్తే కాయ మిగులుతుంది కదా?"

"కుదరదన్నా, వన్యప్రాణుల చట్టం ఉంది. చట్టం లేకపోయినా నేను కొట్టను."

"అయితే ఊరికే శబ్దం చెయ్యి, అవే పోతాయి" అని టీ తేవడానికి వెళ్లాడు. పీసీపీకి ఆ శబ్దం కూడా పెద్దగా ఉండదు, ఆయనకి ఏ విధంగానూ అక్కరకు రాలేదు నేను.

వినాయక చవితి ముందు

బ్యారెల్ శుభ్రం చేశాను. ఇది ఎందుకంటే, పాత పెల్లెట్ల సీసం పొర, వాటి మీద పూసిన నూనె లాంటి పదార్థం రైఫ్లింగ్ గాడుల్లో పట్టి ఉంటాయి. కొత్త కంపెనీ సీసం మిశ్రమం వేరు, పూత వేరు. పాత పొర మీద కొత్త పొర పడుతూ ఉండగా కొట్టిన గ్రూప్ రెండింటిలో దేనిదీ కాదు.

నైలాన్ తీగ బ్యారెల్ లోంచి దూర్చి, ఫ్లానెల్ ముక్క కట్టి, పెల్లెట్ వెళ్లే దిక్కులోనే, అంటే వెనక నుంచి మూతి వైపుకి లాగాలి. మూతి దగ్గర అంచు, అంటే క్రౌన్, దెబ్బతింటే ఇక ఎన్ని సర్కస్సులు చేసినా లాభం లేదు, అందుకే ఇనప కడ్డీ, ఇనప బ్రష్ దగ్గరికి కూడా రానివ్వను. మొదటి గుడ్డ నల్లగా, తర్వాత బూడిదరంగు, ఆ తర్వాత దాదాపు తెల్లగా వచ్చాక ఆపేశాను. పెట్రోలియం నూనెలు ఒత్తిడి ఉండే భాగాల దగ్గరకి పోకూడదు, అంత ఒత్తిడి గాలిలో అవి అంటుకునే ప్రమాదం ఉంది. సీళ్లకి సిలికాన్ గ్రీజే.

శుభ్రం చేసిన బ్యారెల్ వెంటనే బాగా కొట్టదు. కొత్త సీసం పలచగా అంతటా పట్టేదాకా షాట్లు అటూఇటూ పోతాయి. ఏ బ్యారెల్‌కి ఎన్ని కావాలో దానిదే, నాదానికి డబ్బాలో సగానికి తక్కువే పట్టింది. ఆ షాట్లన్నీ పార్కింగ్‌లోనే, రేకు పెట్టెలోకి, గురి కూడా పెద్దగా చూడకుండా. వీధి చివర మండపంలో డప్పులు మోగుతుంటే ఇరుగుపొరుగుకి నా టప్ టప్ వినబడనే లేదు. మామూలు రోజుల్లో ఎదురింటి పెద్దాయన ఏదో మేకులు కొడుతున్నాననుకుంటారు.

ఆ మధ్యలో చెన్నై నుంచి బావమరిది ఫోన్. వాడికీ ఇదే మోడల్.

"బావా, హ్యామర్ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పావో చెప్పు, నేనూ అంతే తిప్పేస్తా."

"ఇంకా తిప్పనే లేదురా. తిప్పినా నాది నీకు పనికిరాదు."

"అదేంటి, ఒకే కంపెనీ, ఒకే మోడల్ కదా?"

ఒకే మోడల్ అయినా స్ప్రింగు, వాల్వు, బ్యారెల్ ఏ రెండూ అచ్చంగా ఒకలా ఉండవు. దానికి తోడు మేం సముద్రానికి 900 మీటర్ల పైన ఉన్నాం, వాడు సముద్రం పక్కన. అక్కడి గాలి ఇక్కడికంటే సుమారు పదో వంతు చిక్కన, పెల్లెట్ వేగం కొంచెం త్వరగా పడిపోతుంది. 25 మీటర్లకి ఆ తేడా కంటికి ఆనదు, 50కి వెళ్తే జీరో మార్చుకోవాల్సి రావచ్చు. చెన్నై ఉక్కపోతలో చేతి పంపుతో కొడితే సిలిండర్లోకి తేమ కూడా ఎక్కువ పోతుంది, పంపులో సిలికా జెల్ గింజలు రంగు మారాయేమో చూసుకొమ్మని చెప్పాను. చూడలేదని గొంతులోనే తెలిసిపోయింది.

సెప్టెంబరు, అసలు పని

శుభ్రం చేశాక తోటలో కొడితే నిలువు 24 నుంచి 19కి వచ్చింది. అడ్డం 12 అలాగే. అంటే ఇంకా నిలువులోనే ఏదో ఉంది. నిలువు అంటే నాకు మొదట గుర్తొచ్చేది వేగం తేడా.

పార్కింగ్‌లో 175 నుంచి మొదలుపెట్టి 85 బార్ దాకా మధ్యలో నింపకుండా, ప్రతి షాట్ వేగం, గేజ్ మీద ఒత్తిడి పక్కపక్కన రాసుకుంటూ కొట్టాను. 175 దగ్గర 211. మెల్లగా ఎక్కుతూ 150 దగ్గర 219, 140 దాటాక 222, అక్కడ్నుంచి 105 దాకా 221, 222, 223 ఇలా బల్లపరుపుగా, 100 దగ్గర 219, 95 కిందకి వచ్చాక జారడం మొదలు.

ఒత్తిడి ఎక్కువ ఉన్నప్పుడు వేగం తక్కువ ఉండటం వింతగా అనిపిస్తుంది గానీ కారణం సులువే. సిలిండర్లోని గాలే వాల్వుని వెనక నుంచి నొక్కి మూసి ఉంచుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ హ్యామర్ దెబ్బకి వాల్వు తక్కువగా, తక్కువసేపు తెరుచుకుంటుంది. ఒత్తిడి దిగేకొద్దీ ఎక్కువ తెరుచుకుంటుంది, గాలి ఎక్కువ పోతుంది, వేగం పెరుగుతుంది. ఒక చోట ఈ రెండూ సరిసమానమై వేగం నిలకడగా ఉంటుంది, ఆ తర్వాత గాలే సరిపోక పడిపోతుంది. రెగ్యులేటర్ ఉన్న రైఫిళ్లలో ఈ గొడవ ఉండదు, నాలాంటి వాటిలో ఆ నిలకడ ముక్కని వెతికి పట్టుకుని అందులోనే కొట్టాలి.

పాత పెల్లెట్‌కి ఆ ముక్క 175 నుంచి 115. కొత్తదానికి అది కిందకి జరిగి 150 నుంచి 100 అయింది. బరువైన పెల్లెట్ బ్యారెల్లో కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, గాలికి దాన్ని తోసే సమయం ఎక్కువ దొరుకుతుంది, అందుకే అదే సెట్టింగ్‌లో శక్తి కూడా 15.9 నుంచి 16.5 జౌల్స్‌కి పెరిగింది. పీసీపీలో బరువు పెరిగితే శక్తి పెరగడం మామూలే, కాబట్టి 20 గీతకి దగ్గర్లో ట్యూన్ చేసుకున్నవాళ్లు తేలిక పెల్లెట్‌తో కొలిచి నిశ్చింతగా ఉండకూడదు, తాము వాడే అన్నిటికంటే బరువైనదానితో కొలవాలి. స్ప్రింగు రైఫిళ్లలో కథ వేరు, అక్కడ బరువు పెరిగితే శక్తి తగ్గేవే ఎక్కువ.

175 నుంచి మొదలుపెడితే మొదటి షాట్లు 211, తర్వాతివి 222. పదకొండు మీటర్ల తేడా. 220 చిల్లర వేగంతో 25 మీటర్లకి పెల్లెట్ కిందకి దిగేది సుమారు 70 మి.మీ. వేగంలో 5 శాతం తేడా అంటే ఆ దిగడంలో 10 శాతం, అంటే 7 మి.మీ. నా నిలువులో 7 మి.మీ. ఎక్కడ్నుంచి వచ్చిందో కాగితం మీదే దొరికింది.

సాధారణంగా ఎవరైనా ఇక్కడ ఏం చేస్తారంటే హ్యామర్ స్ప్రింగు బిగిస్తారు. దెబ్బ గట్టిగా పడితే నిలకడ ముక్క మళ్లీ పైకి, ఎక్కువ ఒత్తిడి వైపుకి జరుగుతుంది. అది నిజమే. కానీ స్క్రూ జోలికి వెళ్లకుండా నింపడమే 150కి ఆపేస్తే? అన్నిటికంటే చవకైన మార్పు అదే, కావాలంటే రేపే వెనక్కి రావచ్చు, పైగా చేతి పంపు కొట్టేవాడికి 150 నుంచి 175 దాకా ఉండే ఆ చివరి పోట్లు ఎంత కష్టమో తెలుసు, చెమటంతా అక్కడే కారుతుంది.

తోటలో 150 నింపి, 100 దగ్గర ఆపి కొట్టాను. నిలువు 13, అడ్డం 12. గుండ్రంగా వచ్చింది గ్రూప్. ఆ రోజు అన్న తెచ్చిన టీ ఇంకాస్త రుచిగా అనిపించింది.

సెప్టెంబరు చివర

అయినా స్క్రూ తిప్పి చూడకుండా ఉండలేను కదా. అర చుట్టు బిగించాను. వేగం 230కి ఎక్కింది, 17.7 జౌల్స్. నిలకడ ముక్క 170 నుంచి 125కి జరిగింది, అనుకున్నట్టే. గ్రూప్ 14 దగ్గర, అంటే మార్పు లేనట్టే. షాట్ల సంఖ్య తగ్గింది, శబ్దం పెరిగింది, పంపు మళ్లీ 170 దాకా. ఆ అదనపు ఎనిమిది మీటర్ల వేగం కోసం ఇదంతా దేనికి? వెనక్కి తిప్పేశాను. తిప్పేముందు స్క్రూ తల మీద, పక్కనా మార్కర్‌తో గీత పెట్టుకోబట్టి సరిగ్గా పాత చోటికే వచ్చింది, మళ్లీ క్రోనో పెట్టి చూస్తే 222 కనపడింది.

వదులు చేసి కూడా చూద్దామా అనుకున్నాను గానీ వేగం 210కి దిగితే 40 మీటర్ల దగ్గర దూరం అంచనాలో చిన్న తేడాకే పెల్లెట్ చాలా కిందకి పోతుంది. దాన్ని వదిలేశాను.

తర్వాత గాజు పలక లెక్క. ఒకే గడిలో దిగినవి ఒక గ్రూప్, చెల్లాచెదురుగా పడ్డవి ఒక గ్రూప్, మళ్లీ అవి, మళ్లీ ఇవి, ఇలా మార్చి మార్చి కొట్టాను, గాలి ఒక్కదానికే అనుకూలించిందన్న మాట రాకూడదని. ఏరినవి 11 దగ్గర నిలబడ్డాయి. ఏరనివి ఎక్కువగా 14, 15, మధ్యలో ఒక్కోటి 20 దాకా. ఆ ఒక్కోటే చిరాకు. నా చెయ్యి కదిలిందా, పెల్లెట్ తేడానా అని ప్రతిసారీ టెన్షన్. ఏరినవి కొట్టేటప్పుడు ఆ అనుమానం ఉండదు, తప్పు పోతే అది నాదే అని తెలుస్తుంది, సాధనకి అది చాలా పెద్ద లాభం. బరువు ప్రకారం ఏరిన కుప్పల మధ్య మాత్రం తేడా ఏమీ కనపడలేదు. కాటా ఇప్పుడు మా ఆవిడ ఏలకులు తూచడానికి వాడుతోంది.

10 మీటర్ల పోటీలు ఆడేవాళ్లు ఇంత పట్టింపుగా ఎందుకుంటారో ఇప్పుడు బాగా అర్థమవుతోంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, ఇప్పుడు దశాంశాల్లో లెక్క, ఒక్క షాట్‌కి గరిష్ఠం 10.9. వాళ్లు 4.49, 4.50, 4.51 అని తల సైజు వారీగా డబ్బాలు తెప్పించి, రైఫిల్‌ని స్టాండుకి బిగించి లాట్ పరీక్ష చేయించుకుని, నప్పిన లాట్‌ని మొత్తంగా కొని పెట్టుకుంటారు. చెన్నైలో పుట్టి హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది ఈ 10 మీటర్ల పోటీలోనే, అంతకు ముందు 2008లో అభినవ్ బింద్రా బీజింగ్‌లో స్వర్ణం తెచ్చిందీ ఇందులోనే. వాళ్లది వేరే లోకం, వాళ్ల రైఫిల్ వేగం నాదానికంటే బాగా తక్కువ, 170, 175 మీటర్ల దగ్గర, ఎందుకంటే 10 మీటర్లకి కావలసింది వేగం కాదు, ప్రతిసారీ ఒకే వేగం.

దసరా సెలవుల్లో

40 మీటర్లు. ఏడు క్లిక్కులు పైకి, మూడు కుడికి పెట్టి 25కి జీరో చేసుకుని, అక్కడ్నుంచి 40కి రెటికిల్ (స్కోప్‌లో కనపడే గురి గీతలు) మీద కింద గుర్తుతో పట్టుకున్నాను. పొద్దున్నే గాలి లేనప్పుడు ఏరిన పెల్లెట్ల గ్రూప్ 22, 23 మి.మీ. ఎండెక్కి ఆకులు కదలడం మొదలయ్యాక 35కి పోయింది, అదంతా అడ్డంగానే. పాత డబ్బాలో చివరగా మిగిలిన తేలిక పెల్లెట్లు అదే గాలిలో కొడితే 50 దాటాయి. దీనికోసమే కదా మారింది.

మిగిలిన పని మ్యాగజీన్. ట్రేతో 11 వచ్చేది మ్యాగజీన్‌తో 16 వస్తోంది. ఒకటి దూర్చి కొట్టకుండా బయటికి తీసి చూస్తే పావడా మీద ఒక పక్క సన్నటి గీత, గోరుతో తాకితే తెలుస్తోంది. ఈ బరువైన పెల్లెట్ పొడవు కూడా ఎక్కువ, మ్యాగజీన్ మందానికి అంచుల దాకా వస్తోంది, తిరిగేటప్పుడు ఎక్కడో తగులుతున్నట్టుంది. వేరే మ్యాగజీన్ అడిగి తెచ్చి ఒకసారి చూస్తాను, అది కూడా గీరితే ట్రేనే వాడతాను, నిదానంగా కొట్టేవాడికి పోయేదేమీ లేదు.

కొట్టాయనకి ఫోన్ చేసి డబ్బా వెనక ఉన్న లాట్ నంబరు చదివి వినిపించాను. ఆరున్నాయట. ఆరూ పక్కన పెట్టమన్నాను. బావమరిది రెండు తనకి కావాలంటున్నాడు, ముందు క్రోనో కొనుక్కోమన్నాను.